మనిషి ముట్టినట్టు రసీదు

కొత్తవాడ, వరంగల్.
12-5-1982

బావగారికి వెంకట్రాజం శనార్తులు.

పోయినసారి నా ఉత్తరంలో మర్యాద తక్కువైందని ఎర్రసిరాతో గీతలు పెట్టి తిప్పి పంపారు. అందుకని ఈసారి బడిపుస్తకం భాషలో రాస్తున్నాను. ఇక్కడ నేను, సమ్మమ్మ, పిల్లలు బాగున్నాం. నిర్మలక్క మోకాలి నొప్పి తగ్గిందా?

సంగతేమిటంటే నన్ను జర్మనీ పంపిస్తున్నారు. నవ్వకండి. చేనేత సంఘం నుంచి ఒక ఆఫీసరు వచ్చి మా గుంటమగ్గం పక్కన గంటసేపు కూర్చుని, నేను జంపఖానా నేస్తుంటే చూసి, నా పేరు రాసుకుపోయాడు. అక్టోబరులో అక్కడేదో ఎగ్జిబిషను ఉందట. నలభై రోజులు అక్కడి జనం ముందు మగ్గం మీద కూర్చుని నెయ్యాలట. కొత్తగా చెయ్యాల్సిందేమీ లేదు, రోజూ చేసేదే. చూసేవాళ్ళు టికెట్టు కొనుక్కుని వస్తారట. ఇక్కడ నేను నేస్తుంటే మేక కూడా ఆగి చూడదు.

మా నాయన నేసిన జంపఖానాలు దేశాలు తిరిగాయి కానీ ఆయన డోర్నకల్ దాటలేదు. మూటలు రైలెక్కించి వచ్చి, 'గవి యాడ పరుస్తరో ఏమో' అని ఆ రాత్రంతా అదే మాట అనేవాడు. అవి ఎక్కడికి పోయాయో ఒక్కసారి నా కళ్ళతో చూడాలని ఉంది బావగారూ. ఈ వయసులో ఇంత ఆశ పుడుతుందని నేనే అనుకోలేదు.

దానికి పాస్‌పోర్టు కావాలి. సెప్టెంబరు ఆఖరుకు చేతిలో లేకపోతే నా బదులు వేరే ఊరి మనిషిని పంపిస్తామన్నారు. ఫారం ఇచ్చారు, దాన్ని చూస్తే నాకు చెమటలు పడుతున్నాయి. పుట్టిన తేదీ అడిగారు. ఒంటి మీద ఆనవాలు అడిగారు. మీరు ఉప్పు కొఠార్ల ఆఫీసులో హెడ్ గుమాస్తా కాబట్టి మీకు తెలియని కాగితం ఉండదు. దారి చూపించండి.

పక్కింటి మొగిలమ్మ పెద్దమ్మ "పాసుపోర్టు అంటే ఏందిరా?" అని అడిగింది. నేను నేనేనని సర్కారు రాసిచ్చే పుస్తకం అని చెప్పాను. "నువ్వు నువ్వే అని నేను జెప్తగద. దానికి పుస్తకమెందుకు?" అంది.

మీ బామ్మర్ది,
వెంకట్రాజం


భీమునిపట్నం.
20-5-1982

చి. వెంకట్రాజానికి సారంగపాణి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. భాష మెరుగుపడింది. అక్షరాలు మాత్రం ఇంకా వరసలో నిలబడటం లేదు.

జర్మనీ వార్త విని మీ అక్క వీధి మొత్తానికి చెప్పి వచ్చింది. నేను మాత్రం కాగితాల సంగతి తేలేవరకు సంతోషించకూడదని నిర్ణయించుకున్నాను. పద్దెనిమిదేళ్ళ సర్వీసు నేర్పిన పాఠం అది.

పుట్టిన తేదీకి 'హసన్‌పర్తి చెరువు మత్తడి దుంకిన ఏడు' అని మీ అమ్మ చెప్పేది. అది అక్కడ రాయకు. ఆ చెరువు ఎన్నిసార్లు నిండి పొర్లి దుంకిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. 1-7-1944 అని రాసి అఫిడవిట్ పెట్టు. తేదీ తెలియని వాళ్ళమందరం జూలై ఒకటినే పుట్టాం. నేనూ అంతే. ఆనవాలు కింద అరచేతి కాయలు రాస్తావేమో, వద్దు. అవి మీ వాడలో అందరికీ ఉంటాయి. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ రాయి. ప్రతి కాగితం రెండు ప్రతులు తయారుచెయ్యి. ఇక్కడి ఉప్పుగాలికి ఒక ప్రతి నాలుగేళ్ళలో పొడి అయిపోతుంది. అందుకే నేను పెళ్ళి శుభలేఖ కూడా రెండు దాచాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది చెప్తాను, విను. సర్కారు తరఫున ఎవరు వచ్చి ఏది అడిగినా, కాగితం చూపించేదాకా నోరు విప్పవద్దు. నోటితో చెప్పిన మాట గాలికైనా పోతుంది, మన మీదికైనా వస్తుంది. ఈ ముక్క మీ వాడకట్టు వాళ్ళకు కూడా చెప్పి ఉంచు.

ఆశీస్సులతో,
సారంగపాణి


కొత్తవాడ.
30-7-1982

బావగారికి శనార్తులు.

నేను లేనని ఉత్తరం వచ్చింది.

మీరు చెప్పినట్టే అన్నీ రెండేసి ప్రతులు రాసి జూన్‌లో పంపాను. నిన్న సంఘం ఆఫీసరు పిలిపించి హైదరాబాదు నుంచి వచ్చిన కాగితం చదివి వినిపించాడు. పోలీసు విచారణలో తేలిందేమిటంటే, 'పై చిరునామాలో పై పేరుగల వ్యక్తి నివసించుట లేదు. కొందరి ప్రకారం మరణించినాడు.' ఆఫీసరు కాగితం చూస్తాడు, నన్ను చూస్తాడు, మళ్ళీ కాగితం చూస్తాడు. చివరికి నాకంటే కాగితం మీదనే ఆయనకు నమ్మకం ఎక్కువ ఉన్నట్టు కనిపించింది.

జరిగింది అడిగి తెలుసుకున్నాను. జూలై మొదట్లో ఎవరో బ్యాగు తగిలించుకుని వచ్చి నా గురించి అడిగాడట. హోటలు యాకయ్య నాకు పంపాల్సిన చాయ్ గ్లాసులో పోస్తూనే "వెంకట్రాజమా? గాయన భీవండి పోయి మూడేండ్లాయె" అన్నాడట. ఎదురింటి చిలుకమ్మ "సచ్చిపోయిండు సారూ" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిందట. వచ్చినాయనే ఆమెను ఓదార్చి వెళ్ళాడు. మొగిలమ్మ పెద్దమ్మ "గా పేరుగలోడు ఈ వాడల పుట్టనేలేదు" అంది. మగ్గం మీద కూర్చున్న ఒకాయన కూడా తనకు తెలియదన్నాడని ఆ విచారణ కాగితంలో రాశారు.

నోరు విప్పవద్దని వాళ్ళకు చెప్పమన్నది మీరే. రాత్రి పప్పు వడ్డించమంటే సమ్మమ్మ "సచ్చినోనికి పప్పెందుకు?" అంది. నవ్వాను కానీ కంచం ముందు నుంచి లేచిపోయాను. ఇంకా రెండు నెలలే ఉంది. నాకు భయంగా ఉంది బావగారూ.

వెంకట్రాజం


భీమునిపట్నం.
7-8-1982

చి. వెంకట్రాజానికి ఆశీస్సులు.

నేను చెప్పింది నోరు విప్పవద్దని. చచ్చిపోయావని చెప్పి ఏడవమని కాదు. ఈ రెండింటికీ తేడా తెలియని వాడకట్టును నేను నా సర్వీసులో చూడలేదు.

అయినా ఆ చిలుకమ్మను క్షమించవచ్చు, ఆడమనిషి బెదిరి ఉంటుంది. యాకయ్యనూ క్షమించవచ్చు, పొయ్యి దగ్గర ఉన్నవాడు ఏదో ఒకటి అంటాడు. నా కోపమంతా మగ్గం మీద కూర్చున్న ఆ పెద్దమనిషి మీద. తోటి నేతగాడై ఉండి, పక్కవాడు దేశం దాటుతుంటే ఓర్వలేక తెలియదంటాడా? వాడి పేరు, ఇంటి నంబరు వెంటనే నాకు రాసి పంపు. వాడి దగ్గర తప్పు ఒప్పుకుంటున్నట్టు కాగితం రాయించి, రెండో విచారణకు దరఖాస్తుతో జతచేద్దాం. ఆ దరఖాస్తు ముసాయిదా ఇందులో పెడుతున్నాను, రెండు ప్రతులు.

సారంగపాణి

*తమ్ముడూ, ఆయన స్నానానికి పోయిండు, జల్ది జల్ది రాస్తాన. నీకు చెప్పని ముచ్చట ఒకటుంది. ఈయన గూడ పాసుపోర్టు తీసుకున్నడు. యాడికి పోతవయ్యా అంటే చెప్పడు. పొద్దున లేచి ఆ పుస్తకంల తన ఫోటో చూస్కుంటడు, మల్ల బీరువల పెడ్తడు. నవ్వకురా. నీ అక్క నిర్మల.*


కొత్తవాడ.
16-8-1982

బావగారికి శనార్తులు.

మగ్గం మీద కూర్చున్న ఆ పెద్దమనిషి పేరు వెంకట్రాజం. ఇంటి నంబరు మాదే.

మీరు అడగకపోతే ఇది చెప్పేవాణ్ణి కాదు. ఆయన మామూలు బట్టల్లో వచ్చాడు కానీ బూట్లు మార్చుకోలేదు. నేను గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాను కాబట్టి ముందు నాకు బూట్లే కనబడ్డాయి. "వెంకట్రాజం అనేటోడు ఈడనే ఉంటడా?" అన్నాడు. నా నోటి నుంచి "లేడు" అని వచ్చేసింది. "యాడికి పోయిండు?" అన్నాడు. "నాకెర్కలేదు" అన్నాను. "మరి నువ్వెవలు?" అన్నాడు. "నేను గూడ ఈడ ఉండ" అన్నాను. ఆయన నన్ను చూశాడు, నడుము దాకా నేను దిగి ఉన్న గుంటను చూశాడు, రాసుకుని వెళ్ళిపోయాడు. పాస్‌పోర్టు కోసమని గుర్తొచ్చి నేను బయటికి ఉరికేసరికి సందు మలుపు తిరిగాడు.

ఇది మీ సలహా వల్ల కాదు. మీ మీదికి తోశాను, తప్పు నాదే. అసలు సంగతి మీకు ఎప్పుడూ రాయలేదు.

మొగిలమ్మ పెద్దమ్మ కొడుకు ఎల్లస్వామి మీకు గుర్తుండే ఉంటాడు. మీరు ఇక్కడి నుంచి భీమునిపట్నం బదిలీ మీద పోయిననాడు మీ ట్రంకుపెట్టె స్టేషను దాకా నెత్తిన మోసినవాడు. ఎమర్జెన్సీలో వాడు ఎటో పోయాడని మీకు రాశాను. అది అబద్ధం. అప్పుడు ఉత్తరాలు విప్పి చూస్తారని భయపడ్డాను. వాడు పోలేదు, తీసుకుపోయారు. జీపులో నలుగురు వచ్చి వాడి పేరు అడిగారు. అంతకు ముందు నెలే వాడు మిల్లులో పనికి దరఖాస్తు పెట్టుకున్నాడు. పని ఇవ్వడానికే వచ్చారనుకుంది పెద్దమ్మ. "ఉన్నడు బిడ్డా, బువ్వ తింటాండు, కూసోండ్రి" అని వాళ్ళకు చాప పరిచింది. జర మాట్లాడి పంపిస్తామన్నారు. ఆరేళ్ళయింది. ఏ ఠాణాలో అడిగినా అట్లాంటి మనిషిని తేలేదంటారు.

అప్పటి నుంచి మా వాడలో ఎవరి గురించి ఎవరడిగినా 'లేడు' అనే అంటాం. పెద్దలు కూర్చుని పెట్టిన కట్టుబాటు కాదు, అట్లా అలవాటైపోయింది. కొత్త పోస్ట్‌మాన్ వస్తే రెండు నెలల దాకా మాకు ఉత్తరాలు అందవు. నన్ను కాపాడుదామనే అందరూ నన్ను చంపేశారు. నేను కూడా ఒక చెయ్యి వేశాను.

మీ పాస్‌పోర్టుకు అభినందనలు.

వెంకట్రాజం


భీమునిపట్నం.
22-8-1982

చి. వెంకట్రాజానికి.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎల్లస్వామి బాగా గుర్తున్నాడు. ఆ రోజు స్టేషనులో నేను వాడికి ఏదో ఇవ్వబోతే తీసుకోలేదు. 'సముద్రం ఎట్లుంటదో ఉత్తరం రాయి బావా' అన్నాడు. నేను రాయలేదు. ఆఫీసు పనిలో పడిపోయాను.

నా పాస్‌పోర్టు సంగతి మీ అక్క చెప్పిందన్నమాట. దాయను. నీకు దారి చూపించాలంటే ముందు నేను నడిచి చూడాలని దరఖాస్తు పెట్టాను. ఇక్కడ విచారణ ఎలా జరిగిందో చెప్తే నీకు కడుపు మండుతుంది. కానిస్టేబులు వచ్చి అడిగితే మా వీధివాళ్ళు నా పేరే కాదు, నా ఇంటిపేరు, గోత్రం, నాకు వంకాయ పడదన్న సంగతి కూడా చెప్పారు. చేపలమ్మే ఆవిడ గంప దించి మరీ సాక్ష్యం పలికింది. నలభై రోజుల్లో పుస్తకం ఇంటికి వచ్చింది. నాకు పోవడానికి చోటు లేదు. సముద్రం వైపు ఎక్కువసేపు చూస్తే కళ్ళు తిరుగుతాయి. వెళ్ళాల్సినవాడివి నువ్వు లేవట, ఎక్కడికీ వెళ్ళని నేను మాత్రం సీలు వేసి మరీ ఉన్నాను. దీనికి రూలు బుక్కులో జవాబు లేదు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. ఆదివారం అందరినీ కూర్చోబెట్టు. ఒకే ఒక్క ముక్క నేర్పు, 'ఉంటడు' అని. అంతకు మించి ఎవరూ ఏదీ కలపకూడదు.

సారంగపాణి


కొత్తవాడ.
3-9-1982

బావగారికి శనార్తులు.

మీరు చెప్పినట్టే నేర్పాను. అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. అదే మా కొంప ముంచింది.

ఆ బూట్లాయన పేరు ఖాజా మొహినుద్దీన్. హెడ్ కానిస్టేబులు. మొన్న మళ్ళీ వచ్చి వరసగా ప్రతి గడప ముందూ ఆగి "వెంకట్రాజం ఈడనే ఉంటడా?" అని అడిగాడు. తలుపు తీసిన ప్రతి గడపలోనూ "ఉంటడు" అన్నారు. యాకయ్య హోటలు దగ్గర అడిగినా "ఉంటడు" అన్నాడు. జూలైలో నన్ను చంపి ఏడ్చిన చిలుకమ్మ తలుపు చాటు నుంచి "మా ఇంట్లనే ఉంటడు సారూ" అంది. వాళ్ళాయన అక్కడే ఉన్నాడు, ఆయనా తల ఊపాడు. మొత్తం పదకొండు ఇళ్ళు. చివరికి మా ఇంటికి వస్తే నేను లేచి నిలబడి, రేషన్ కార్డు రెండు చేతులతో పట్టుకుని, "నేనే వెంకట్రాజం" అన్నాను.

ఆయన మా గడప మీద కూలబడి మంచినీళ్ళు అడిగి తాగాడు. "అయ్యా, జూలైల నువ్వు ఈడ ఉండ అంటివి. ఇయ్యాల పదకొండు ఇండ్లల్ల ఉంటాన్నవు. నేనేం రాయాలె, జర నువ్వే జెప్పు" అన్నాడు. చెడ్డవాడు కాదు బావగారూ. చివరికి ఒక దారి చెప్పాడు. గోడ పక్క ఇంటివాళ్ళు ఒక్కరు ఠాణాకు వచ్చి నన్ను చూపించి, వీడే, ఉన్నాడు అని చెప్పి వేలిముద్ర వేస్తే చాలన్నాడు. మా ఇంటికి కుడివైపు నూలు గోదాము. ఎడమవైపు మొగిలమ్మ పెద్దమ్మ.

ఆయన రెండోసారి వచ్చినప్పుడు ఆమె ఒక్కతే తలుపు తియ్యలేదు. వెళ్ళి అడిగాను. "నేను ఉన్నడంటే ఎల్లస్వామి లేకుంట పోయిండు. నిన్ను లేడన్న, నువ్వు ఉన్నవు. ఇగ నన్నేం జెయ్యమంటవురా?" అంది. నేను వచ్చేశాను. జర్మనీ వద్దు, ఏమీ వద్దు అని సమ్మమ్మతో అన్నాను. అన్నానే కానీ ఆ రోజు మగ్గం మీద చేతులు ఆడలేదు.

నిన్న పొద్దున ఆమే వచ్చింది. వచ్చి ఒకటే అడిగింది. "గాళ్ళు రసీదు ఇస్తరా?"

దేనికి పెద్దమ్మా అన్నాను.

"బట్టలు చాకలికేసినా గుర్తు పెడ్తరు. సైకిలు స్టాండుల పెడ్తె చీటీ ఇస్తరు. నేను కడుపుల పుట్టినోణ్ణి అప్పజెప్పి చీటీ అడగలే. గందుకే యాడికి పోయినా మాకు తెల్వదంటరు. ఈసారి నిన్ను ఉన్నడని జెప్పాల్నంటే నాకు రసీదు కావాలె."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇట్లాంటి రసీదు ఎట్లా ఉంటుందో మీకే తెలియాలి. రోజులు లేవు.

వెంకట్రాజం


భీమునిపట్నం.
8-9-1982

చి. వెంకట్రాజానికి.

మొగిలమ్మత్త అడిగింది న్యాయం. పద్దెనిమిదేళ్ళలో ఎన్ని రసీదులు రాశానో లెక్కలేదు, ఉప్పుకు, గోనెసంచులకు, తాళం చెవులకు. ఇది రాయడానికి మాత్రం ఒక ఆదివారమంతా పట్టింది. పేర్ల దగ్గర ఖాళీ వదిలాను, అక్కడే నింపండి.

*'శ్రీమతి ................ అనునామె, ................ అను మనిషి ఉన్నాడని మా యెదుట చెప్పినది. ఆమె మాట మీద సదరు మనిషి సంగతి మేము రాసుకున్నాము. సదరు మనిషి పోయినవాడు పోయినట్టుగా తిరిగి ఇంటికి చేరి, ముట్టినాడని ఆమె వేలిముద్ర వేయువరకు, అతని గురించి మాకు తెలియదని అనము.'*

రెండు ప్రతులు పెడుతున్నాను. సంతకం పెడతారో లేదో నాకు తెలియదు. పెట్టమని అడగడం తప్పు కాదని మాత్రం తెలుసు.

సారంగపాణి


కొత్తవాడ.
28-9-1982

బావగారికి శనార్తులు.

పాస్‌పోర్టు వచ్చింది. సంఘం ఆఫీసరు స్వయంగా హైదరాబాదు పోయి నిన్న సాయంత్రం తెచ్చి ఇచ్చాడు. రెండు రోజుల గడువు మిగిలింది. పుట్టుమచ్చ ఉంది, జూలై ఒకటి ఉంది. నా మొహం మాత్రం దొంగతనం చేసినవాడిలా ఉంది.

ఠాణాలో జరిగింది మీకు చెప్పాలి. పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. మీ కాగితం కొంగున ముడేసుకుంది. హెడ్డు సాబ్ చదివాడు. ముందు నవ్వాడు. తర్వాత, "అమ్మా, మేం ఈయనను తీస్కపోతలేం. ఈయనంతట ఈయనే పోతాండు" అన్నాడు. పెద్దమ్మ, "అప్పుడు గూడ గట్లనే మంచిగ మాట్లాడిండ్రు బిడ్డా. జర మాట్లాడి పంపిస్తమన్నరు" అంది.

ఆయన నవ్వు ఆగిపోయింది. ఎవరి గురించి అంటోందో ఆయనకు తెలిసిందో లేదో నేను చెప్పలేను. కాగితం మళ్ళీ మొదటి నుంచి చదివి, "ముద్ర నా చేతుల లేదమ్మా, సంతకమైతే నాది" అని, ఒక ప్రతిలో పేర్లు నింపి, కింద తన పేరు రాసి ఇచ్చాడు. పెద్దమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, మడిచి, ముడేసుకుంది. అప్పుడు నా భుజం మీద చెయ్యి వేసింది. "ఉన్నడు. ఈడే వెంకట్రాజం. పుట్టినకాంచి నా పక్కింట్లనే ఉన్నడు. రాసుకో" అంది. రాసుకుంటుంటే మళ్ళీ, "ఉన్నడు" అంది. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

ఎల్లుండి బొంబాయికి బయల్దేరుతున్నాను. అక్కడ విమానం.

వెంకట్రాజం


జర్మనీ నుంచి.
30-10-1982

బావగారికి, నిర్మలక్కకు శనార్తులు.

చలి బాగా ఉంది. జనం టికెట్టు కొని వచ్చి మరీ చూస్తున్నారు. ఒక ముసలాయన నాలుగు రోజులుగా రోజూ వచ్చి పోగులు బిగించడానికి నేను కొట్టే ఇనుప పంజా దెబ్బలు లెక్కపెడుతున్నాడు. ఇక్కడ ఒక పెద్ద బంగళాలో మన జంపఖానా పాతది ఒకటి చూశాను. ఎవరు నేసిందో తెలియదు. గోడకు వేలాడదీశారు. నాయన ఉంటే 'కింద పరువుండ్రిరా, గోడకెందుకు?' అనేవాడు. నేను అనలేదు, దాని అంచు మాత్రం ఒకసారి పట్టుకుని చూశాను.

రోజూ గేటు దగ్గర పేరు అడిగి పుస్తకం చూస్తారు. మొదటి రోజు మళ్ళీ 'లేడు' అనబోయాను. ఇప్పుడు అలవాటైంది.

వెంకట్రాజం


కొత్తవాడ.
2-12-1982

బావగారికి శనార్తులు.

క్షేమంగా ఇల్లు చేరాను. అక్కకు ఒక శాలువా, మీకు ఒక పెన్ను తెచ్చాను.

వచ్చిన మర్నాడే పెద్దమ్మ నన్ను ఠాణాకు తీసుకుపోయింది. రసీదు బల్ల మీద పెట్టి, "మనిషి ముట్టిండు" అని హెడ్డు సాబ్ ముందు వేలిముద్ర వేసింది. ఆయన లేచి నిలబడి ఆ కాగితం తీసుకున్నాడు. వాడకట్టు అంతా పండగలా ఉంది. యాకయ్య అందరికీ చాయ్ పోశాడు. చిలుకమ్మ ఈసారి సంతోషంతో ఏడ్చింది, అంతే గట్టిగా.

రాత్రి అందరూ పోయాక పెద్దమ్మ వచ్చి కొంగుముడి విప్పింది. మీరు పంపిన రెండో ప్రతి. ఠాణాలో ఒకటే వాడారు కదా, ఇది పేర్లు నింపకుండానే ఉండిపోయింది. ఆరోజు నుంచి తన దగ్గరే దాచుకుందట.

"దీంట్ల ఎల్లస్వామి పేరు రాయి. ఆలస్యమైతేంది, రసీదు రసీదే గద. ఆళ్ళ సంతకం తెస్త" అంది.

నేను కలం పట్టుకుని కూర్చున్నాను, రాయలేకపోయాను. రేపు రాస్తానని చెప్పి పంపాను. నాలుగు రోజులుగా అదే మాట చెప్తున్నాను. ఏం చెయ్యమంటారు?

వెంకట్రాజం


భీమునిపట్నం.
9-12-1982

చి. వెంకట్రాజానికి.

ఆ కాగితం మీద నువ్వు ఏమీ రాయకు. నేను వచ్చి రాస్తాను. శనివారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు నేనూ నిర్మలా బయల్దేరుతున్నాం. పది రోజులు సెలవు పెట్టాను. కారణం అనే చోట 'స్వంత పని' అని రాశాను.

రూలు బుక్కు అంతా వెతికాను. ఇట్లాంటి రసీదు ఆరేళ్ళ తర్వాత అడగవచ్చని ఎక్కడా లేదు. అడగకూడదని కూడా ఎక్కడా లేదు. అట్లాంటి మనిషిని తేలేదని వాళ్ళు అంటున్నారంటే, అట్లాంటి మనిషి ఉన్నాడని చెప్పే సాక్షి ముందు కావాలి. ఆ మాట మళ్ళీ మొగిలమ్మత్త చేత చెప్పించవద్దు. ఒకసారి చెప్పి ఆరేళ్ళు మోసింది, చాలు.

నేను చెప్తాను. నా ట్రంకుపెట్టె మోసినవాణ్ణి నేను గుర్తుపట్టలేనా? నువ్వెవరివని అడుగుతారు. అడగనీ. నా పాస్‌పోర్టు పట్టుకొస్తున్నాను. ఆ పుస్తకానికి పోవడానికి ఇన్నాళ్ళకు ఒక చోటు దొరికిందని మీ అక్క అంటోంది.

ఎవరూ కాగితం చూపించకపోయినా నోరు విప్పుతాను. ఒక్క ఠాణాలో కాదు, ఎన్ని ఠాణాలుంటే అన్నిట్లో. అత్తకు చెప్పి ఉంచు, ఈసారి 'ఉన్నడు' అనేది నేను.

స్టేషనుకు రా. ట్రంకుపెట్టె బరువుగా ఉంది.

సారంగపాణి